హనుమకొండ నుంచి తవాంగ్‌కు బైక్ మీద ఒంటరిగా: వెళ్లండి, కానీ రెండు వైపులా బండి మీద కాదు

మీ ప్రశ్న సారాంశం ఇది. హనుమకొండలో ఉద్యోగం చేస్తున్న మీకు ఇరవై రోజుల సెలవు దొరికింది. 2019లో కొన్న 150 సీసీ పల్సర్ ఉంది. దాని మీద అరుణాచల్ ప్రదేశ్‌లో చైనా సరిహద్దుకు దగ్గరగా ఉన్న తవాంగ్ పట్టణానికి ఒక్కరే వెళ్లి, మళ్లీ బండి మీదే తిరిగి రావాలనుకుంటున్నారు. అప్పు చేసి పెద్ద బండి కొనాలా, ఏ దారిన వెళ్లాలి, ఏ నెల మంచిది, ఒంటరిగా వద్దంటున్న అమ్మకు ఏమని నచ్చజెప్పాలి అని అడిగారు. చాలా ఏళ్లుగా ఓరుగల్లు నుంచి దూర ప్రయాణాలు చేస్తూ, వెళ్లేవారి బండ్లను, పథకాలను చూస్తూ వచ్చినవాడిగా నా సమాధానం: వెళ్లండి, బండి మార్చకండి, దసరా దాటాక బయలుదేరండి, తిరుగు ప్రయాణంలో మాత్రం బండిని గువాహటిలో రైలెక్కించండి. చివరి మాట మీకు నచ్చకపోవచ్చు కనుక ముందుగా దాని కారణమే చెబుతాను.

హనుమకొండ నుంచి తవాంగ్ ఒక వైపే సుమారు 2,800 కిలోమీటర్లు. రోజుకు ఆరు వందల కిలోమీటర్లు కొట్టి అయిదు రోజుల్లో చేరామని చెప్పేవారు మీకు తప్పకుండా దొరుకుతారు. ఇద్దరు ముగ్గురు కలిసి, ఒకరి అలసటను మరొకరు గమనించుకుంటూ చేసిన ప్రయాణాన్ని ఒంటరి మనిషి కొలమానంగా తీసుకోకూడదు. మైదానంలో 150 సీసీ బండి మీద, సామానుతో, రోజూ వెలుతురు ఉండగానే బస చేరాలంటే మూడు వందల నుంచి మూడు వందల అరవై కిలోమీటర్లు సరైన లెక్క. కొండల్లో నూట యాభై కూడా ఎక్కువే. ఈ లెక్కన పదకొండో రోజు సాయంత్రానికి తవాంగ్ చేరతారు. అక్కడ కనీసం ఒక పూర్తి రోజు ఉండాలి. దిగి గువాహటి చేరడానికి రెండు రోజులు, రైలుకు రెండు రోజులు పడతాయి. మొత్తం పదహారు రోజులైంది, మీ చేతిలో నాలుగు రోజులు మిగిలాయి. ఆ నాలుగు రోజులు మిగులు కావు, ఈ ప్రయాణానికి అసలు ఆధారం అవే. వానకు ఒకటి, బండి మరమ్మతుకు ఒకటి, బంద్‌కో జ్వరానికో ఒకటి, కొండచరియ విరిగిపడి దారి ఆగితే ఒకటి. రెండు వైపులా బండి మీదే రావాలనుకుంటే ఈ నాలుగూ పోవడమే కాకుండా, తిరుగుదారిలో ఉద్యోగంలో చేరవలసిన తేదీ మిమ్మల్ని రాత్రి పూట కూడా రోడ్డు మీద నిలబెడుతుంది. నేను చూసినంతలో ప్రమాదాలు ఎక్కువగా జరిగేది వెళ్లేటప్పుడు కొండల్లో కాదు. పని అయిపోయిందన్న నిశ్చింతతో, ఇంటికి చేరాలన్న తొందరతో మైదానంలో తిరిగి వచ్చేటప్పుడు.

ఒంటరి ప్రయాణంలో ఉండే ప్రత్యేకమైన కష్టం మనుషుల భయమో, దారి తెలియకపోవడమో కాదు. దారి ఫోన్ చెబుతుంది, మనుషులు అన్నిచోట్లా సాయం చేస్తారు. కష్టమంతా, నిర్ణయం తీసుకోవలసిన సమయానికి నిర్ణయించవలసిన మనిషి అలసిపోయి ఉండటంలో ఉంది. అలసినవాడికి తన అలసట తెలియదు. ఇంకో అరవై కిలోమీటర్లేగా అనిపిస్తుంది. పక్కన ఆపేవాడు ఉండడు. అందుకే ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు వెనక్కి తిరగాలో ఇంట్లో తీరిగ్గా కూర్చున్నప్పుడే కాగితం మీద రాసుకుని, దారిలో ఆ కాగితం చెప్పినట్లు నడుచుకోవాలి. మైదానంలో సాయంత్రం అయిదు దాటాక, అరుణాచల్‌లో మధ్యాహ్నం మూడు దాటాక కొత్త ఊరికి బయలుదేరకూడదు. జోరు వానలో కొండ ఎక్కకూడదు. తలనొప్పితో మరింత ఎత్తుకు పోకూడదు. వరుసగా నాలుగు రోజులు నడిపితే అయిదో రోజు దూరం తగ్గించాలి. తవాంగ్ చేరినా చేరకపోయినా ఫలానా తేదీన వెనక్కి తిరగాలి. ఈ చివరి నియమం ఇంట్లో రాసుకోవడం తేలిక, తవాంగ్ ముందు వచ్చే ఎత్తైన సేలా కనుమ కింద నిలబడి పాటించడం కష్టం. కనుక ఆ తేదీ ఇంట్లో మరొకరికి కూడా తెలిసి ఉండాలి.

ఇక దారి. మన దగ్గర నుంచి మూడు దారులున్నాయి. ములుగు, ఏటూరునాగారం మీదుగా 163వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని భోపాలపట్నం, బీజాపూర్, జగ్దల్‌పూర్ మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోకి పోయే దారి పటంలో చూడటానికి ఆశ పుట్టిస్తుంది. అడవి అందమైనదే, కానీ చాలా దూరం మనుషులు, మెకానిక్‌లు, ఫోన్ సిగ్నల్ దొరకని ఆ దారిని ప్రయాణం తొలిరోజే ఒంటరిగా ఎంచుకోవలసిన అవసరం లేదు. రెండోది మంచిర్యాల, ఆసిఫాబాద్, చంద్రాపూర్, నాగ్‌పూర్, జబల్‌పూర్ మీదుగా గంగా మైదానంలోకి దిగి, ముజఫర్‌పూర్, పూర్ణియాల నుంచి సిలిగురి చేరే దారి. నాగ్‌పూర్ నుంచి సివనీ దాకా పెంచ్ పులుల అభయారణ్యం గుండా సాగే రోడ్డు దేశంలోని మంచి రోడ్లలో ఒకటి; జంతువులు కింది నుంచి దాటేలా దాన్ని వంతెనల మీద వేశారు. మూడోది ఖమ్మం, సత్తుపల్లి, రాజమహేంద్రవరం మీదుగా సముద్రతీరపు 16వ నంబరు రహదారి పట్టుకుని భువనేశ్వర్, ఖరగ్‌పూర్ చేరే దారి. నేను మీకు మూడోదే చెబుతాను. శ్రీకాకుళం జిల్లా దాటేదాకా తెలుగే వినిపిస్తుంది, ప్రతి యాభై కిలోమీటర్లకు ఒక ఊరు, బంకు, మెకానిక్ ఉంటారు, బండిలో ఏదైనా లోపం ఉంటే అది ఈ మొదటి మూడు రోజుల్లోనే, మన మాట అర్థమయ్యేచోట బయటపడుతుంది. జాతీయ రహదారుల టోల్ గేట్ల దగ్గర ద్విచక్ర వాహనాలకు రుసుము లేదు. పక్కన వేరే సన్నదారి ఉంటుంది.

అయితే అక్టోబర్, నవంబర్ నెలలు బంగాళాఖాతంలో తుపానుల కాలం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని, 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస ప్రాంతాన్ని అతలాకుతలం చేశాయి. రెండూ మీరు వెళ్లబోయే రహదారి మీదే. బయలుదేరడానికి అయిదు రోజుల ముందు నుంచి వాతావరణ శాఖ బులెటిన్ రోజూ చూడండి. అండమాన్ వైపు అల్పపీడనం ఏర్పడిందన్న వార్త ఉంటే నాగ్‌పూర్ దారికి మారండి, దూరం పెద్దగా తేడా రాదు. రెండు దారులూ సిలిగురిలో కలుస్తాయి కనుక పథకంలో ఆ తర్వాతి భాగం మారదు.

నెల విషయంలో సందేహం అక్కర్లేదు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అరుణాచల్‌లో భాలుక్‌పాంగ్, బొమ్‌దిలా మధ్య కొండచరియలు విరిగిపడుతూనే ఉంటాయి. డిసెంబర్ నుంచి సేలా దగ్గర మంచు గడ్డకట్టి రోడ్డు అద్దంలా మారుతుంది. ఏప్రిల్‌లో అక్కడ బాగానే ఉంటుంది గానీ, మన ఎండల్లో మైదానం దాటడం నరకం. ఈశాన్యం నుంచి రుతుపవనాలు మామూలుగా అక్టోబర్ మధ్యనాటికి వెనక్కి మళ్లుతాయి. సద్దుల బతుకమ్మ, దసరా ఇంట్లో చేసుకుని, రెండు రోజులు ఆగి బయలుదేరితే బెంగాల్ చేరేటప్పటికి దుర్గాపూజ రద్దీ తగ్గి లాడ్జిల్లో గదులు దొరుకుతాయి. తర్వాత వచ్చే కాళీపూజకు కుర్రాళ్లు రోడ్డుకు అడ్డంగా వెదురు కర్ర పెట్టి చందాలు అడుగుతారు. మన గణపతి చందాల వంటిదే, నవ్వుతూ పదో ఇరవయ్యో ఇచ్చి ముందుకు సాగండి, వాదించకండి. ఇంకో మాట: మీరు బయలుదేరే రోజుల్లో ఖమ్మం దాకా మన రోడ్ల మీద మక్కలు, వడ్లు ఆరబోసి, అంచుల్లో రాళ్లు పెట్టి ఉంటారు. తెల్లవారుజామున ఆ రాళ్లు కనిపించవు. వెలుతురు వచ్చాకే ఇల్లు కదలండి.

బండి సంగతికి వస్తే, తవాంగ్‌కు 150 సీసీ చాలు. ఆ కొండల్లో స్థానికులు రోజూ తిరిగేది అంతకంటే చిన్న బండ్ల మీదే. పెద్ద బండి కొంటే మీకు కొత్త బరువు, కొత్త క్లచ్, అలవాటు లేని ఎత్తు, నెలవారీ వాయిదా వస్తాయి. ఏడేళ్లుగా చేతికి అలవాటైన బండి చప్పుడులో చిన్న తేడా వచ్చినా మీకు తెలుస్తుంది, ఆ వినికిడి కొత్త బండితో రాదు. పల్సర్ ట్యాంకు పదిహేను లీటర్లు, అంటే ఒకసారి నింపితే మైదానంలో అయిదు వందల కిలోమీటర్లు దాటుతుంది. ఇంత వెసులుబాటు చాలా ఖరీదైన బండ్లకు కూడా లేదు. వెళ్లే దారి, గువాహటి దాకా దిగే దారి కలిపి పెట్రోలు ఖర్చు ఎనిమిది వేల రూపాయల ప్రాంతంలో అవుతుంది.

మీ బండిలో పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపేది కార్బ్యురేటర్ కనుక ఎత్తులో ఏం జరుగుతుందో ముందే తెలిసి ఉండాలి, లేకపోతే బండి చెడిపోయిందని కంగారు పడతారు. సేలా ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో నూటికి అరవై పాళ్లే. కార్బ్యురేటర్‌కు ఆ సంగతి తెలియదు. పెట్రోలు మునుపటిలాగే వదులుతుంది, గాలి మాత్రం తక్కువగా చేరుతుంది. మిశ్రమం చిక్కబడి పొగ నల్లగా వస్తుంది, నిలబడిన చోట ఇంజిన్ ఆగిపోతుంటుంది, మూడో గేరులో లాగవలసిన చోట రెండుకు, ఒక్కోసారి ఒకటికి దిగాలి. ఇదంతా సహజం. ఐడిలింగ్ స్క్రూ కొద్దిగా బిగించి ఇంజిన్ ఆగకుండా చూసుకోవడం తప్ప, జెట్లు మార్చడం, మిశ్రమం స్క్రూ తిప్పడం వంటివి చేయకండి. ఎవరైనా మెకానిక్ ఉత్సాహపడినా వద్దనండి. సేలాకు ఇవతలి ఊరు దిరాంగ్ కిందికి దిగేసరికి బండి తనంతట తానే మామూలవుతుంది. ఎయిర్ ఫిల్టర్ కొత్తది వేసుకుని వెళితే ఈ ఇబ్బంది కొంత తగ్గుతుంది.

బయలుదేరడానికి ముందు రోజు సర్వీసింగ్ చేయించడం చాలామంది చేసే పని, అది సరైనది కాదు. విప్పి బిగించిన ప్రతి బోల్టునూ కొంత దూరం నడిపి చూడాలి. నెల ముందే చైను, స్ప్రాకెట్లు మూడూ కలిపి మార్చండి, బ్రేక్ ప్యాడ్లు, వెనక బ్రేక్ షూలు, బ్యాటరీ చూపించండి, టైర్లు సగం అరిగి ఉంటే కొత్తవి వేయండి. ఆ తర్వాత పూర్తి సామాను కట్టుకుని, మీరు కొండ మీద వేసుకోబోయే బట్టలతోనే, రెండు రోజుల పరీక్ష ప్రయాణం చేయండి. దానికి మన ఉత్తర తెలంగాణ కంటే మంచి చోటు లేదు. కరీంనగర్, మంచిర్యాల మీదుగా ఆసిఫాబాద్ వెళ్లి, అక్కడి నుంచి కెరమెరి ఘాట్ ఎక్కి ఉట్నూరులో దిగండి. తీరిక ఉంటే జోడేఘాట్‌లో కొమురం భీం స్మారకం చూసి రండి. ఆ రాత్రి నిర్మల్‌లో బస చేసి, మరుసటి ఉదయం మహబూబ్ ఘాట్ ఎక్కి దిగి, జగిత్యాల, కరీంనగర్ మీదుగా ఇల్లు చేరండి. కెరమెరి మలుపుల్లో సామాను పక్కకు జారితే తాళ్లు సరిగా లేవని, నిర్మల్‌లో దిగేసరికి నడుము పట్టేస్తే సీటు మీదో హ్యాండిల్ మీదో దృష్టి పెట్టాలని తెలుస్తుంది. రెండో రోజు పొద్దున్నే మళ్లీ బండి ఎక్కాలంటే మనసుకు ఎలా ఉంటుందో కూడా తెలుస్తుంది, ఎందుకంటే తవాంగ్ దారిలో అలాంటి ఉదయాలు వరుసగా పది వస్తాయి.

సామాను పదిహేను కిలోలు దాటనివ్వకండి. బరువైనవి కింద, సీటుకు ఇరువైపులా ఉండాలి. సాగే రబ్బరు తాళ్లకు బదులు బిగించే పట్టీలు వాడండి. క్లచ్ కేబుల్ కొత్తది కొని, దాన్ని సంచిలో దాచకుండా పాత కేబుల్ పక్కనే హ్యాండిల్ నుంచి ఇంజిన్ దాకా కట్టి ఉంచండి. తెగినప్పుడు రెండు చివర్లు మార్చితే సరిపోతుంది, వానలో ట్యాంకు విప్పే పని ఉండదు. యాక్సిలరేటర్ కేబుల్, క్లచ్, బ్రేక్ లివర్లు, చైన్ లాకు, ఫ్యూజులు, హెడ్‌లైట్ బల్బు, ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్, చిన్న గాలి పంపు పట్టుకెళ్లండి. మీ బండికి రెండు స్పార్క్ ప్లగ్‌లు కనుక రెండూ ఉంచుకోండి. సిలిగురిలో ఇంజిన్ ఆయిల్ మార్పించండి.

ఖరగ్‌పూర్ తర్వాత కోల్‌కతా వైపు పోకండి. నగరం చుట్టూ రద్దీలో ఒక పూట పోతుంది. ఖరగ్‌పూర్ నుంచి బాంకురా, రాణిగంజ్, సిఊరీ మీదుగా మోర్‌గ్రామ్ చేరే 14వ నంబరు రహదారి పట్టుకోండి. అది లారీల దారి, ఊళ్లలో స్పీడ్ బ్రేకర్లు లెక్కలేనన్ని, కాబట్టి ఒక్క రోజులో దాటాలనుకోకుండా రామ్‌పుర్‌హాట్‌లో ఆగండి; పక్కనే తారాపీఠ్ పుణ్యక్షేత్రం ఉండటం వల్ల లాడ్జిలు పుష్కలం. మరునాడు ఫరక్కా దగ్గర గంగను దాటుతారు. 1975లో వాడుకలోకి వచ్చిన ఆ బ్యారేజీ పొడవు రెండు కిలోమీటర్లకు పైనే. దాని మీద బండి ఆపడం, ఫోటోలు తీయడం నిషిద్ధం. మాల్దా, రాయ్‌గంజ్ మీదుగా సాయంత్రానికి సిలిగురి వస్తుంది.

సిలిగురి దాటాక తేయాకు తోటల మధ్య సాగే దువార్స్ ప్రాంతం ఏనుగులది. మాల్‌బజార్, హాసీమారా వైపు అడవి అంచుల్లో అవి సాయంకాలం నుంచి రోడ్డు దాటుతుంటాయి. ఏనుగు కనిపిస్తే హారన్ కొట్టవద్దు, లైటు వేసి చూడవద్దు; బండి తిప్పి దూరంగా పోయి, స్థానిక వాహనాలు కదిలినప్పుడే కదలండి. అస్సాంలో బొంగాయ్‌గావ్‌లో ఒక రాత్రి, తేజ్‌పూర్‌లో ఒక రాత్రి ఆగండి. వెళ్లేటప్పుడు గువాహటి పోనక్కర్లేదు. బైహాటా చారియాలి నుంచి 15వ నంబరు రహదారి బ్రహ్మపుత్రకు ఉత్తర ఒడ్డునే మంగళ్‌దోయ్ మీదుగా తేజ్‌పూర్ చేరుస్తుంది. ఆ వైపు బంద్‌లు ఎక్కువ. తెలంగాణవాళ్లకు బంద్ అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. లాడ్జివాళ్లను ముందు రాత్రే అడగండి, బంద్ ఉందంటే మీ నాలుగు రోజుల్లో ఒకటి అక్కడ ఖర్చు పెట్టండి.

ఇతర రాష్ట్రాల భారతీయులు అరుణాచల్‌లోకి పోవడానికి ఇన్నర్ లైన్ పర్మిట్ తప్పనిసరి. బ్రిటిష్ కాలపు 1873 నాటి నిబంధన మీద నడుస్తున్న ఏర్పాటు ఇది. ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. నాలుగు ఖాళీ రోజులను కూడా లెక్కలో వేసుకుని తేదీలు పెట్టండి, మూడు ప్రతులు అచ్చు వేయించుకోండి. భాలుక్‌పాంగ్ గేటు దగ్గర ఫోన్‌లో చూపిద్దామంటే సిగ్నల్ ఉండకపోవచ్చు. ఆర్సీ, లైసెన్సు, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితాలు కూడా అచ్చు ప్రతులుగా ఉండటం మేలు.

భాలుక్‌పాంగ్ నుంచి కామెంగ్ నది పక్కన రోడ్డు ఎక్కడం మొదలవుతుంది. దీన్ని సరిహద్దు రహదారుల సంస్థ నిర్వహిస్తుంది. ఒకప్పుడు దట్టమైన పొగమంచుతో భయపెట్టిన నెచిఫూ కనుమ దగ్గర 2023 సెప్టెంబర్‌లో అయిదు వందల మీటర్ల సొరంగం ప్రారంభమైంది. ఆ రోజు ఏడు వేల అడుగులకు పైన ఉన్న బొమ్‌దిలాలో పడుకోండి. మరునాడు నలభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, అంతకంటే తక్కువ ఎత్తున ఉన్న దిరాంగ్‌కు దిగి, ఆ పూటంతా విశ్రాంతి తీసుకోండి. ఒక రోజు వృథా అవుతోందని మీకు తప్పకుండా అనిపిస్తుంది. వరంగల్ సముద్రమట్టానికి తొమ్మిది వందల అడుగుల లోపు ఎత్తున ఉంది. అక్కడ పుట్టి పెరిగిన ఒంటికి పదమూడు వేల అడుగుల సంగతి నిదానంగానే చెప్పాలి.

దిరాంగ్ నుంచి ఉదయం ఆరింటికే బయలుదేరండి. ఆ తూర్పు కొసన అక్టోబర్‌లో అయిదున్నర కాకముందే తెల్లవారుతుంది, సాయంత్రం అయిదుకే చీకటి పడుతుంది. గడియారం మనదే అయినా సూర్యుడు మనవాడు కాడు. మనకు సాయంత్రం నాలుగున్నర అంటే ఇంకా పొద్దున్నట్లు, అక్కడ అది ఇల్లు చేరవలసిన వేళ. సేలా కనుమ ఎత్తు 13,700 అడుగులు. 2024 మార్చి 9న ప్రారంభమైన సేలా సొరంగ మార్గం ఆ కొన ఎక్కకుండానే అవతలికి చేరుస్తుంది. ఆకాశం నిర్మలంగా ఉండి, ఒంట్లో బాగుంటే పాత దారిన ఎక్కి సేలా సరస్సు చూడండి, కాసేపు నిలబడి దిగండి. మబ్బు పట్టినా, రోడ్డు మీద నల్లని మెరుపు కనిపించినా సొరంగంలోంచి పొండి. ఆ మెరుపు నీటి తడి కావచ్చు, మంచు పొర కావచ్చు, బండి మీద నుంచి తేడా తెలియదు. ముందు బ్రేకు ముట్టకుండా, గేరు తగ్గించి, కాళ్లు సిద్ధంగా ఉంచి నెమ్మదిగా దాటాలి. సైనిక వాహనాల వరుస ఎదురైతే పక్కకు ఆగి మొత్తం పోనివ్వండి. శిబిరాలను, వంతెనలను ఫోటోలు తీయవద్దు. డ్రోన్ అసలు తీసుకుపోవద్దు.

సేలా దిగగానే జస్వంత్‌గఢ్ వస్తుంది. 1962 నవంబర్‌లో నూరానాంగ్ దగ్గర చైనా సేనలను నిలువరించి ప్రాణాలిచ్చిన గఢ్‌వాల్ రైఫిల్స్ సైనికుడు జస్వంత్ సింగ్ రావత్ స్మారకం అది. ఆయనకు మరణానంతరం మహావీర్ చక్ర ఇచ్చారు. అక్కడ సైనికులు వచ్చేపోయేవారికి వేడి టీ ఇస్తారు. టీ తాగుతూ మీ ఒంటిని మీరే ఒకసారి పరీక్షించుకోండి: తల బరువుగా ఉందా, వాంతి వచ్చేట్లు ఉందా, హెల్మెట్ పట్టీ పెట్టుకోవడంలో వేళ్లు తడబడుతున్నాయా? కొద్దిపాటి తలనొప్పి మామూలే, నీళ్లు తాగి, కింద ఉన్న జాంగ్ ఊరి వైపు దిగితే తగ్గుతుంది. దిగినా తగ్గకుండా పెరుగుతుంటే ఆ రోజు తవాంగ్ ఆస్పత్రిలో చూపించుకోవాలి. ఎత్తు జబ్బుకు ముందుజాగ్రత్తగా వాడే అసిటజోలమైడ్ మాత్ర గురించి ఇక్కడే మీ డాక్టరును అడగండి. సల్ఫా మందులు పడనివారు, కిడ్నీ సమస్య ఉన్నవారు సొంతంగా వేసుకోకూడదు. ఎత్తులో మద్యం జోలికి పోవద్దు.

తవాంగ్ సుమారు పదివేల అడుగుల ఎత్తున ఉంది. పదిహేడో శతాబ్దపు బౌద్ధ మఠం, యుద్ధ స్మారకం, ఆరో దలైలామా పుట్టిన ఉర్గెల్లింగ్ అన్నీ పట్టణంలోనో పక్కనో ఉన్నాయి. స్థానిక మోన్పా తెగవారితో హిందీలో మాట్లాడవచ్చు. మన హనుమకొండ హిందీ అక్కడ ఇబ్బంది లేకుండా చెల్లుతుంది. చైనా సరిహద్దున ఉన్న బుమ్‌లా 15,200 అడుగులు, పట్టణం నుంచి 37 కిలోమీటర్లు. దానికి జిల్లా అధికారుల, సైన్యం అనుమతి వేరుగా కావాలి. నా అభిప్రాయంలో అక్కడికి మీ బండి వద్దు, పట్టణంలో పంచుకునే సుమోలు దొరుకుతాయి. పదకొండు రోజులు మీరే నడిపారు, ఒక పూట మరొకరిని నడపనివ్వండి. ముందు రాత్రి సరిగా నిద్ర పట్టకపోతే బుమ్‌లా మానేయండి.

అమ్మగారి విషయం. నాకు ఏమీ కాదని ఆమెకు చెప్పకండి, ఆ మాట ఏ తల్లీ నమ్మదు. పైన చెప్పిన ఆగే నియమాల కాగితం, ఏ రాత్రి ఏ ఊళ్లో ఉంటారో రాసిన కాగితం, రెండూ ఆమె చేతికివ్వండి. ఉదయం బయలుదేరేటప్పుడు, సాయంత్రం బస చేరాక రెండే ఫోన్‌లు చేస్తానని చెప్పండి. మధ్యలో ఆమె చేస్తే నడుపుతూ ఎత్తరని కూడా ముందే చెప్పండి. దిరాంగ్, జాంగ్ మధ్య సిగ్నల్ ఉండకపోవచ్చు కనుక ఆ ఒక్క రోజు ఫోన్ ఆలస్యం కావచ్చని తేదీతో సహా చెప్పడం చాలా అవసరం. బండి తిరుగు ప్రయాణంలో రైల్లో వస్తుందన్న మాట ఆమెకు మిగతా అన్నిటికంటే ఎక్కువ ధైర్యమిస్తుందని నా నమ్మకం.

దిగేటప్పుడు దిరాంగ్‌లో ఒక రాత్రి ఆగి, మరునాడు రూపా, షేర్‌గావ్, కలక్టాంగ్ మీదుగా అస్సాంలోకి దిగే దారి పట్టుకోండి. వెళ్లిన దారి కంటే లారీలు తక్కువ. వాన పడి ఉంటే మాత్రం వచ్చిన దారినే పొండి. గువాహటి స్టేషన్ పార్సెల్ ఆఫీసుకు ఉదయమే వెళ్లండి. ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి, బండిని గోనెసంచులతో, గడ్డితో చుట్టించాలి. ఆ పని చేసేవాళ్లు స్టేషన్ బయటే ఉంటారు, బేరం ముందే మాట్లాడుకోండి. ఆర్సీ, గుర్తింపు కార్డు నకళ్లు అడుగుతారు. అద్దాలు విప్పి సంచిలో వేసుకోండి, ట్యాంకు మీద, సీటు మీద పేరు, ఫోన్ నంబరు, సికింద్రాబాద్ అని పెద్ద అక్షరాలతో రాయించండి. బండి మీరు ఎక్కిన రైల్లోనే రాకపోవచ్చు, రెండు మూడు రోజులు వెనకబడవచ్చు. అందుకని హెల్మెట్, చేతి తొడుగులు పార్సెల్‌లో పడేయకుండా మీతోనే తెచ్చుకోండి. బండి వచ్చాక సికింద్రాబాద్‌లో విప్పించిన చోటే బ్రేకులు, టైర్లలో గాలి చూసుకుని, దగ్గరి బంకులో రెండు లీటర్లు పోయించుకుని, ఉద్యోగంలో చేరిన తర్వాత వచ్చే ఆదివారం పగటిపూట హనుమకొండకు నడుపుకుని రండి.